‘అన్ని ట్యాబ్‌లకూ సరిపోతుంది’ అంటే చాలదు, ఎన్ని సెంటీమీటర్లో రాయండి

సంపాదకుల వారికి నమస్కారం,

మాది హిందూపురం, పదిహేడేళ్ల నుంచి బెంగళూరు రాజాజీనగర్‌లో ఉంటున్నాం, ఒక చిన్న కంపెనీలో లెక్కలు చూస్తాను. ఇన్నేళ్లలో పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. రోడ్లు, నీళ్లు, కరెంటు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఎవరూ రాయని విషయం ఒకటి రాస్తున్నాను, ట్యాబ్‌కు రెండు పక్కలా తగిలించుకుని గేములు ఆడే క్లిప్ కంట్రోలర్ల గురించి. ఇదేం విషయం, పిల్లకాయల ఆటబొమ్మల గురించి పేపర్లో రాయాలా అని పక్కన పెట్టొద్దండి, దయచేసి చివరిదాకా చదవండి.

మా తమ్ముడు పీణ్యాలో ఒక ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. రెండేళ్ల కింద కుడిచెయ్యి మిషన్లో పడింది. బొటనవేలు పైకణుపు పోయింది, చూపుడువేలు ఉంది కానీ సరిగా వంగదు. ఆస్పత్రి, కుట్లు, మళ్లీ ఆపరేషన్, ఆ ఆరు నెలలు ఎట్ల గడిచినాయో మాకే తెలుసు, ఇప్పుడు అదే ఫ్యాక్టరీలో స్టోర్స్‌లో కూర్చోబెట్టినారు, పని ఉంది, జీతం ఉంది, దానికేం లోటు లేదు. కానీ ముందు వాడు ఇంటికొస్తే కొడుకుతో కూర్చుని ట్యాబ్‌లో కార్ల గేము ఆడేవాడు, ఒక రేసు నువ్వు ఒక రేసు నేను అని, ఆ గంటసేపు ఇల్లంతా కేకలే. చెయ్యి పోయినాక అది ఆగిపోయింది. పిల్లోడు పదేళ్లోడు, వాడు అడగడం మానేసినాడు, వీడు చెప్పడం మానేసినాడు. ట్యాబ్ అల్మారాలో పడి ఉంటే మా మరదలు నాకు ఫోన్ చేసి చెప్పింది, వదినా ఆయన అన్నం తినకపోయినా నేను ఓర్చుకుంటా కానీ పిల్లోడు గేము పెట్టుకుంటే లేచి వరండాలోకి పోయి నిలబడతాడు, అది చూడలేకపోతున్నా అని.

అసలు వాడికి కష్టం ఎక్కడంటే, ట్యాబ్ గాజు మీద బటన్ అనేదే ఉండదు, బొమ్మ మాత్రమే ఉంటుంది. మన వేలు తగిలితే ఆ చోట గాజు కింద ఉండే కరెంటు పొరలో చిన్న మార్పు వస్తుంది, దాన్ని పట్టుకుని ట్యాబ్ ఇక్కడ నొక్కినారు అని తెలుసుకుంటుంది. వేలు చివర మెత్తగా, సమంగా ఆనితే బాగా పడుతుంది. మా వాడి వేలు చివర కుట్లు పడి ముద్దలాగా గట్టిపడింది, ఒకసారి పడుతుంది ఒకసారి పడదు, పైగా ఆ చోట స్పర్శ తక్కువ కాబట్టి వేలు బొమ్మ మీద ఉందో పక్కకు జారిందో వాడికి తెలీదు. మనకైనా గాజు మీద ఎక్కడ నొక్కుతున్నామో కంటితోనే చూసుకోవాలి కదా. అదే అటూ ఇటూ నెట్టే నిజమైన పుల్ల (జాయ్‌స్టిక్ అంటారు) ఒకటి, నిజమైన బటన్ ఒకటి ఉంటే అరచేతి మొదలుతో నెట్టినా కదులుతుంది, చూడకుండా కూడా తెలుస్తుంది. నాకు ఈ ఆలోచన చెప్పింది మా ఆఫీసులో పనిచేసే ఒక అబ్బాయి, వాడి ఫోనుకు రెండు పక్కలా పిడులలాగా తగిలించుకుని భోజనం టైములో ఆడుతుంటే చూసి అడిగినాను, ఇది ట్యాబ్‌కు కూడా దొరుకుతుందా అని. దొరుకుతుంది మేడమ్ అన్నాడు. దొరుకుతుంది, నిజమే, కానీ అది కొనడానికి నాకు నాలుగు నెలలు పట్టింది, మూడుసార్లు డబ్బులు పెట్టాల్సి వచ్చింది.

మొదటిది ఆన్‌లైన్లో కొన్నాను, 1,899 రూపాయలు. ఫొటోలో ట్యాబ్ బొమ్మే ఉంది, కింద అన్ని ఫోన్లకు, అన్ని ట్యాబ్‌లకు సరిపోతుంది అని పెద్ద అక్షరాలతో రాసినారు. ఆదివారం తమ్ముడింటికి తీసుకుపోయి డబ్బా విప్పితే, దాన్ని ఎంత సాగదీసినా ట్యాబ్ అందులో పట్టదు. టేపు తెచ్చి కొలిస్తే అది పదిహేడు సెంటీమీటర్ల దాకా సాగుతుంది, మా ట్యాబ్ పదకొండు అంగుళాలది, పొడుగు ఇరవై అయిదున్నర సెంటీమీటర్లు. ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కడి నుంచి తేవాలి? తమ్ముడు నవ్వి, పోనీలే అక్కా, వాపస్ చేసెయ్ అన్నాడు, కానీ డబ్బా తెరిచేటప్పుడు వాడి మొహం నేను చూసినాను కదా, పిల్లోడు అప్పటికే గేము ఆన్ చేసి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ నేను ఏడ్చినాను, దాచుకోవడానికి ఏముంది.

వాపస్ అంటే అమ్మినవాళ్లు ఒప్పుకోలేదు. ట్యాబ్ అంటే చిన్న ట్యాబ్ అని అర్థమట, మీది పెద్దది, వస్తువులో లోపం లేదు, డబ్బా విప్పినారు, కుదరదు అని మెసేజ్ పెట్టినారు. చిన్న ట్యాబ్ అని ఎక్కడ రాసినారు అని అడిగితే జవాబు లేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలీదు, 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వస్తుంది, తెలుగులో కూడా మాట్లాడొచ్చు, నేను తెలుగులోనే మాట్లాడినాను. అడిగినవి ఓపికగా రాసుకున్నారు, బిల్లు, ఆ పేజీ ఫొటో పంపించమన్నారు, మూడు వారాలకు డబ్బులు వెనక్కి వచ్చినాయి. అది కూడా కాకపోతే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, 2019 చట్టం వచ్చినాక అయిదు లక్షల లోపు వస్తువుకైతే ఫీజు కూడా కట్టక్కర్లేదు. పద్దెనిమిది వందలకు ఇంత ఎందుకు అని మా ఆయన అన్నాడు కానీ పద్దెనిమిది వందలు నాకు రెండు రోజుల జీతం.

ఈ లోపల ఇంకొకటి కొన్నాను, 249 రూపాయలది, రెండు చిన్న క్లిప్పులు, బట్టలారేసే క్లిప్పుల్లాగా ఉంటాయి, స్క్రీన్ అంచుకు తగిలిస్తే పైన మీట నొక్కినప్పుడు కింద కరెంటు పారే రబ్బరు ముక్క గాజుకు తగిలి వేలు పెట్టినట్టే లెక్క అవుతుంది. ఉపాయం మంచిదే, బ్యాటరీ అక్కర్లేదు, ఏ గేమైనా దానికి సంబంధం లేదు. కానీ అవి ఫోన్ల కోసం చేసినవి. ఫోనుకు అంచు సన్నగా ఉంటుంది, ట్యాబ్‌కు చుట్టూ వేలంత వెడల్పు నల్ల అంచు ఉంటుంది, క్లిప్పు తగిలిస్తే రబ్బరు ముక్క ఆ నల్ల అంచు మీదే ఆగిపోతుంది, గాజులో బొమ్మ దాకా పోదు. దీని మీద కూడా ట్యాబ్ అనే రాసినారు. ఒక్క సెంటీమీటరు తేడా అంతే, కానీ ఆ ఒక్క సెంటీమీటరు రాసి ఉంటే నేను కొనేదాన్నే కాదు.

ఆన్‌లైన్ వద్దు, చేత్తో పట్టుకుని చూసి కొందాం అని ఒక శనివారం తమ్ముణ్ణి, పిల్లోణ్ణి తీసుకుని ఎస్పీ రోడ్డుకు పోయినాం. రాజాజీనగర్‌లో గ్రీన్ లైన్ మెట్రో ఎక్కితే మెజెస్టిక్ దాటినాక చిక్‌పేట, అక్కడ దిగి నడవాలి. ఎస్పీ రోడ్డు తెలియని వాళ్లకు చెప్తున్నాను, కంప్యూటర్ సామాను, వైర్లు, స్క్రూలు, విరిగిపోయినవి, కొత్తవి అన్నీ దొరికే వీధి, మనుషులు రాసుకుంటూ పోవాలి, తమ్ముడు చెయ్యి ఎవరికీ తగలకుండా జేబులో పెట్టుకుని నడిచినాడు. నాలుగు అంగళ్లలో అదే మాట, సెట్టవుతుంది మేడమ్, అన్నిటికీ సెట్టవుతుంది. అయిదో అంగట్లో మదనపల్లె ఆయన ఒకాయన ఉన్నాడు, మేం మాట్లాడుకునేది విని, మీది యా ఊరు అక్కా అని అడిగినాడు, ఆ తర్వాత అంగట్లో స్టూలు వేసి తమ్ముణ్ణి కూర్చోబెట్టి ముందు వాడి చెయ్యి చూసినాడు. ట్యాబ్ చూడలేదు, చెయ్యి చూసినాడు. ఈ వేలు ఎంతవరకు వంగుతుంది, అరచేత్తో నెట్టగలవా, ఎంతసేపు బరువు పట్టుకోగలవు అని అడిగినాడు. డాక్టర్లు తప్ప రెండేళ్లలో ఆ చేతిని అట్ల తిప్పి చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఆయన చెప్పిన మాటలు నేను ఆ రోజే బిల్లు వెనకాల రాసుకున్నాను, వాటినే ఇక్కడ రాస్తున్నాను. ఈ సాగే కంట్రోలర్లు మొదట ఫోన్ల కోసం పుట్టినవి, ఫోను పొడుగు పదహారు పదిహేడు సెంటీమీటర్లు, అందుకే ఎక్కువ వాటికి సాగేది అంతవరకే. ట్యాబ్ పట్టేవి తర్వాత వచ్చినాయి, రేజర్ కిషీ అల్ట్రా అనే కంట్రోలర్ 2024లో వచ్చింది, ఐప్యాడ్ మినీ, ఎనిమిది అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు పడతాయి, గేమ్‌సర్ జీ8 ప్లస్ అనేది 21.5 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఐప్యాడ్ మినీ పొడుగు 19.5 సెంటీమీటర్లు కాబట్టి పడుతుంది, మామూలు పదకొండు అంగుళాల ఐప్యాడ్ పొడుగు దాదాపు 25, కాబట్టి పట్టదు. అంతే లెక్క. అంగుళాలు చూసి మోసపోతాం మనం, ఎందుకంటే ట్యాబ్ అంగుళాలు అనేది స్క్రీను మూల నుంచి మూలకు కొలిచేది, క్లిప్పుకు కావాల్సింది ట్యాబ్ ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత అని, అది సెంటీమీటర్లలో టేపు పెట్టి మనమే కొలుచుకోవాలి, వెనకాల కవర్ తీసేసి కొలవాలి, మందం కూడా కొలవాలి ఎందుకంటే గాడి సన్నగా ఉంటే మందం ట్యాబ్ దూరదు.

ఇంకొకటి బరువు. పదకొండు అంగుళాల ట్యాబే దాదాపు అర కిలో ఉంటుంది, దానికి కంట్రోలర్ బరువు కలిస్తే రెండు చేతులూ బాగున్న మనిషికే పావుగంటకు మణికట్టు లాగుతుంది. మీ తమ్ముడికి పెద్ద ట్యాబ్‌కు క్లిప్పు దొరికినా వద్దు అక్కా, అయితే చిన్న ట్యాబ్‌కు క్లిప్పు, లేదంటే పెద్ద ట్యాబ్ స్టాండు మీద పెట్టి చేతిలో విడిగా బ్లూటూత్ కంట్రోలర్, రెండిట్లో ఒకటే అన్నాడు. అమ్ముకునే మనిషి వద్దు అని చెప్పడం నేను ఆ రోజే చూసినాను.

విడి కంట్రోలర్ వాడి చేతిలో పెట్టి చూసినాం. కుదరలేదు. ఎందుకంటే దాన్ని రెండు చేతుల వేళ్లతో చుట్టి పట్టుకోవాలి, కుడిచేతి వేళ్లు సరిగా వంగకపోతే అది జారిపోతుంది. క్లిప్పులో అట్ల కాదు, మధ్యలో ట్యాబ్ అటూ ఇటూ కలిపి ఒకటే పలకలాగా ఉంటుంది, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద ఆనించితే కుడిచేతితో పట్టుకోవాల్సిన పనే లేదు, అరచెయ్యి పైన పెడితే చాలు. మామూలు మనిషికి క్లిప్పు కంట్రోలర్ అంటే బస్సులో రైల్లో ఆడుకోవడానికి సులువు, అంతే. మా వాడికి మాత్రం పట్టుకోకుండా ఆడగలిగేది అదొక్కటే. నాకు ఇది ఆ స్టూలు పక్కన నిలబడి చూసేదాకా తట్టలేదు.

మా చెల్లెలి కూతురి దగ్గర 8.7 అంగుళాల ట్యాబ్ ఒకటి ఉంది, పొడుగు 21.1 సెంటీమీటర్లు, బరువు 330 గ్రాములు పైచిలుకు. ఆ పిల్లకు పెద్దది కావాలి చదువుకోవడానికి, మార్చుకున్నాం. క్లిప్పు కంట్రోలర్ ఆరు వేలకు కొంచెం తక్కువ పడింది, తమ్ముడూ నేనూ చెరి సగం వేసుకున్నాం. టైప్ సి పిన్నుతో ట్యాబ్‌లోకే దిగుతుంది కాబట్టి దానికి వేరే ఛార్జింగ్ అక్కర్లేదు, బ్లూటూత్‌లో వచ్చే ఆలస్యం నొక్కినదానికి కదిలేదానికి మధ్య ఇందులో తెలియదు. పుల్లల లోపల అయస్కాంతం ఉండేది తీసుకోమన్నాడు అంగడాయన. పాత రకం పుల్లల్లో లోపల ఒక పట్టీ మీద ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది, కొన్నాళ్లకు ఆ పట్టీ అరిగి మనం ముట్టుకోకపోయినా బండి దానంతట అదే పక్కకు లాగుతుంది, అయస్కాంతం రకంలో ఒకదానికొకటి తగలవు కాబట్టి ఆ అరుగుడు ఉండదు. దాన్ని హాల్ ఎఫెక్ట్ అంటారంట, 1879లో ఎడ్విన్ హాల్ అనే ఆయన కనిపెట్టిన సూత్రం. మా వాడు అరచేతి మొదలుతో బలంగా నెడతాడు కాబట్టి పాత రకం అయితే తొందరగా పాడయ్యేది.

ఆ సాయంత్రం గురించి ఎక్కువ రాయను, రాస్తే ఉత్తరం ఆగదు. దిండు పెట్టుకుని కూర్చున్నాడు, మొదటి మూడు రేసులు గోడకు గుద్దుకున్నాడు, నాలుగోదాంట్లో ఆఖరున వచ్చినాడు, పిల్లోడు మాత్రం మాట్లాడకుండా నాన్న చెయ్యి వైపే చూస్తున్నాడు. తొమ్మిదికి మొదలుపెడితే పదింపావుకు మా మరదలు వంటింట్లో నుంచి అరిచింది, మీ కేకలకు కింది ఇంటివాళ్లు వస్తారు అని. అరిచి, మళ్లీ వంటింట్లోకి పోయి అక్కడే నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఇప్పుడు నా అసలు మనవి. ఈ వస్తువులు కొత్తవేం కాదు. 2010లో ఐప్యాడ్ వచ్చిన కొత్తలోనే గాజుకు సక్షన్ కప్పులతో అతికించే జాయ్‌స్టిక్, ఫ్లింగ్ అనేది వచ్చింది. 2011లో ఆండ్రాయిడ్ 3.1తోనే గేమ్‌ప్యాడ్లను, అంటే ఇట్లాంటి కంట్రోలర్లను, గుర్తుపట్టడం మొదలైంది, 2013లో తన ఐఓఎస్ 7 సాఫ్ట్‌వేర్‌తో యాపిల్ కూడా మొదలుపెట్టింది, 2019లో ఐప్యాడ్‌ఓఎస్ 13 నుంచి టీవీకి పెట్టి ఆడే గేము మిషన్లు ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్‌ల వైర్‌లెస్ కంట్రోలర్లు కూడా ఐప్యాడ్‌కు కలుస్తున్నాయి, 2017లో నింటెండో స్విచ్ అనే చేతి గేము మిషన్ వచ్చినాక రెండు పక్కలా పిడులు ఉండే ఆ ఆకారం ప్రపంచమంతా అందరికీ తెలిసిపోయింది. పదిహేనేళ్లు దాటినాయి. ఇంకా డబ్బా మీద అన్నిటికీ సరిపోతుంది అని రాయడం ఏమిటి? చెప్పుల అంగట్లో అన్ని కాళ్లకూ సరిపోతుంది అని రాస్తే ఊరుకుంటామా?

నాకు తెలిసి చట్టం కూడా ఉంది. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం డబ్బా మీద తయారుచేసినవాళ్ల లేదా దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి, వస్తువు సైజు ముఖ్యమైనచోట ఆ కొలతలు కూడా రాయాలి అని ఉంది. చొక్కాకు సైజు ముఖ్యం, దుప్పటికి సైజు ముఖ్యం, మరి సాగే క్లిప్పుకు అది ఎంతవరకు సాగుతుంది అనేదానికన్నా ముఖ్యమైన సైజు ఏముంది? నేను కొన్న మొదటి డబ్బా మీద దాని సొంత పొడుగు వెడల్పు ఉన్నాయి, దిగుమతిదారు పేరు చిరునామా ఉన్నాయి, అది పట్టుకోగలిగే ట్యాబ్ పొడుగు మాత్రం లేదు. తూనికలు కొలతల శాఖ అధికారులు ఈ ఉత్తరం చదివితే నేను అడిగేది ఇదే, సాగే ప్రతి క్లిప్పు డబ్బా మీద, ఆన్‌లైన్ పేజీ మీద, ఇన్ని సెంటీమీటర్ల నుంచి ఇన్ని సెంటీమీటర్ల దాకా, ఇంత మందం దాకా, టైప్ సి పిన్నా బ్లూటూత్‌నా అనేది ఎమ్మార్పీ ఎంత పెద్దగా ఉందో అంత పెద్దగా రాయించండి.

గేముల సంగతి కూడా రాయాలి. ఏ గేమైనా ఆడొచ్చు అని అమ్ముతారు, అది అబద్ధం. గేము తయారుచేసినవాళ్లు కంట్రోలర్‌ను ఒప్పుకుంటేనే పనిచేస్తుంది. అస్ఫాల్ట్ కార్ల గేము, మైన్‌క్రాఫ్ట్, కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ ఒప్పుకుంటాయి, కాల్ ఆఫ్ డ్యూటీలో అయితే చాలామంది కలిసి ఆడే మల్టీప్లేయర్‌లో కంట్రోలర్ పెట్టుకున్నవాళ్లను కంట్రోలర్ పెట్టుకున్నవాళ్లతోనే కలుపుతారు, ఎవరికీ అన్యాయం లేకుండా. మన పిల్లలు ఎక్కువమంది ఆడే తుపాకుల గేము బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఒప్పుకోదు. దానికోసం కంట్రోలర్ బటన్ నొక్కితే గాజు మీద వేలు పెట్టినట్టు నాటకమాడే యాప్‌లు ఉన్నాయి, అమ్మేవాళ్లు అవి వేసుకోమని చెప్తారు, కానీ అట్ల చేస్తే ఖాతా బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది అని చెప్పరు. పిల్లోడు ఏళ్ల తరబడి ఆడి పోగుచేసుకున్నది ఒక్క రోజులో పోతే ఎవరు జవాబుదారీ? వేళ్లు లేనివాడికీ దొంగాట ఆడేవాడికీ తేడా తెలుసుకునే దారి ఒకటి గేము తయారుచేసేవాళ్లే చూపాలి అని నా కోరిక. కంట్రోలర్‌ను ఒప్పుకుని, ఆ ఆడేవాళ్లను విడిగా కలిపితే సరిపోతుంది, ఒక గేము చేస్తున్నప్పుడు ఇంకొకటి ఎందుకు చెయ్యకూడదు.

ఇరుగుపొరుగు వాళ్లు నాతో అన్నమాట, గేములు గవర్నమెంట్ బ్యాన్ చేసింది కదా, నువ్వు ఆరు వేలు పెట్టి కొనిచ్చినావా అని. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపింది, దాన్ని నేను మనసారా మెచ్చుకుంటున్నాను, మా వీధిలోనే రమ్మీలో జీతాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మామూలు ఆటలను ఆ చట్టం ఆపలేదు. తండ్రీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఒక గంట కార్ల గేము ఆడుకోవడం, ఒంటరిగా తలుపేసుకుని రాత్రి రెండింటి దాకా ఆడటం ఒకటి కాదు. మా ఇంట్లో తొమ్మిదికి మొదలు, పదికి బంద్, పదింపావు ఆ మొదటిరోజు ఒక్కటే.

వైకల్యం ఉన్నవాళ్లు ఆట కావాలి అంటే అదేదో కొసరు కోరిక అన్నట్టు చూస్తారు మనవాళ్లు. ముందు ఉద్యోగం, పెన్షను, సర్టిఫికెట్టు, నిజమే, అవి కావాలి. కానీ 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటపాటలు, వినోదం గురించి కూడా రాసి ఉంది, అందరూ వాడుకునేలా తయారయ్యే వస్తువులను ప్రభుత్వం ప్రోత్సహించాలి అని కూడా ఉంది. ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటి చేసింది ఆ చట్టమే. బయటి దేశాల్లో ఎక్స్‌బాక్స్ వాళ్లు 2018లోనే పెద్ద పెద్ద బటన్లు ఉండే అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చినారు, ప్లేస్టేషన్ వాళ్లు 2023లో యాక్సెస్ అనేది తెచ్చినారు, కాలితో, మోచేత్తో, గడ్డంతో నొక్కేవి కూడా తగిలించుకోవచ్చు. ఇదే పీణ్యాలో ఎన్ని వేల చిన్న ఫ్యాక్టరీలు ఉన్నాయి, ప్లాస్టిక్ అచ్చులు పోసేవాళ్లు, స్ప్రింగులు చేసేవాళ్లు, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు ఒక వీధిలోనే దొరుకుతారు. వేళ్లు పోయేది అక్కడే. ఆ వేళ్లకు బదులు పనిచేసే ఒక పెద్ద బటను, ఒక లావు పుల్ల, పదకొండు అంగుళాల ట్యాబ్‌కు పట్టే ఒక సాగే క్లిప్పు అక్కడే తయారు చెయ్యలేరా? మా తమ్ముడే చెప్పినాడు, అక్కా ఈ క్లిప్పు సాగే పట్టాలు ఇంకో ఎనిమిది సెంటీమీటర్లు పొడుగు పోసి, కింద ఒక స్టాండు కాలు పెడితే పెద్ద ట్యాబ్ కూడా నిలబడుతుంది, బరువు ఒడి మీద పడదు అని. కాగితం మీద బొమ్మ కూడా గీసినాడు, ఎడమచేత్తో. అచ్చు పోసేవాళ్లు ఎవరైనా ముందుకొస్తే ఆ బొమ్మ ఊరికే ఇస్తాడు.

మీ పేపర్లో వారానికొకసారి కొత్త ఫోన్ల గురించి వస్తుంది, కెమెరా ఇంత, ర్యామ్ ఇంత అని. అదే చోట ఒక్కసారి ఈ క్లిప్పు కంట్రోలర్ల గురించి రాయండి, ఏది ఎన్ని సెంటీమీటర్ల ట్యాబ్ పడుతుంది, ఏది ఎంత బరువు, ఏ గేము ఒప్పుకుంటుంది అని ఒక చిన్న పట్టిక వెయ్యండి. ఒంటిచేత్తో, తక్కువ వేళ్లతో ఆడేవాళ్లకు ఏది పనికొస్తుంది అని వాళ్లనే అడిగి రాయండి. మా తమ్ముడు మాట్లాడతాడు, వాణ్ణి అడిగే ఈ ఉత్తరం రాస్తున్నాను, ఫొటో మాత్రం వద్దన్నాడు.

మొన్న వాడి ఫ్యాక్టరీలో కలిసి పనిచేసినాయన ఒకాయన ఫోన్ చేసినాడు, ఆయనకు ఎడమచేతి రెండు వేళ్లు లేవు, ఇద్దరు ఆడపిల్లలు, ఇంట్లో ట్యాబ్ ఉందంట. కవర్ తీసి టేపుతో కొలిచి పంపించండి అన్నా అని చెప్తే రాత్రి వాట్సాప్‌లో పంపించినాడు, 24.6 సెంటీమీటర్లు. ఇప్పుడు దొరికే క్లిప్పుల్లో మాకు తెలిసినవేవీ దానికి పట్టవు. ఈ శనివారం మళ్లీ ఎస్పీ రోడ్డుకు పోతున్నాం, ఈసారి స్టాండు చూడటానికి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రాజాజీనగర్, బెంగళూరు